ఊరికో వార్త, ఇంటికో కబురు

యుద్ధమొస్తే టీవీ నిండా యుద్ధమే. ఫౌజీ ఇంట్లోవాళ్ళకు కావాల్సిన ఒక్క ముక్క మాత్రం అందులో దొరకదు. సరిహద్దులో ఉన్నవాడికేమో జంగు సంగతి కన్నా ఇంటి సంగతి మీదే ధ్యాస. హైదరాబాద్ కిషన్‌బాగ్‌లో నిలబడి చూస్తే ఈ తిరకాసు రెండు వందల ఏళ్ళ నాటిది.

2025 మే 8, గురువారం రాత్రి. పాకిస్తాన్‌తో పోరు నడుస్తున్న రోజులు. పొద్దుపోయినా టీవీలు ఆగలేదు. ఒక ఛానల్ కరాచీ ఓడరేవును బూడిద చేసేసింది. ఇంకొకటి ఇస్లామాబాద్‌ను పట్టేసుకుంది. వెనకాల సైరన్ మోత, అదీ స్టూడియోలో వేసుకున్న సైరనే. తెల్లారాక కరాచీ ఎక్కడిదక్కడే ఉంది, ఇస్లామాబాద్ కూడా. వార్తల్లో ఆ సైరన్లు వాడొద్దని 10వ తేదీన కేంద్రం ఛానళ్ళకు చెప్పాల్సి వచ్చింది. నిజం సైరన్ మోగిన రోజున జనం పట్టించుకోకపోతే ఎట్లా మరి.

ఆ రాత్రే నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో మురళీ నాయక్ చనిపోయాడు. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు, 2022లో అగ్నివీర్‌గా చేరినవాడు. ఇస్లామాబాద్‌ను గెలిచిన ఛానల్‌కు ఆ సంగతి తెలీదు. తండాలోని ఆ ఇంటికి కబురు మర్నాడు ఫోన్‌లో వచ్చింది. ఆ తర్వాతే కెమెరాలు తండా దారి పట్టాయి.

యుద్ధం వార్తకు మొదట్నుంచీ రెండు దారులు. ఒకటి ఊరందరికీ వచ్చేది, రెండోది ఒక్క గడప వెతుక్కుంటూ వచ్చేది. మొదటిది ఎంత జోరుగా వచ్చినా రెండోదాని మీద దిగులు తీరదు. పైగా పెరుగుతుంది. కొడుకు ఫలానా సెక్టార్‌లో ఉన్నాడని తెలిసిన తల్లికి టీవీలో ఆ సెక్టార్ పేరు వినపడితే ఎట్లుంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

చెరువు వెనక యుద్ధం

కిషన్‌బాగ్‌కు ఫౌజీల పేట అని పేరేమీ లేదు. పాత దేవస్థానం, చుట్టూ కిక్కిరిసిన ఇళ్ళు, ఒక పక్క బహదూర్‌పురా, ఇంకో పక్క అత్తాపూర్, ఇవతల మూసీ. అయినా ఇక్కడినుంచి ఏ దిక్కుకు నడిచినా ఏదో ఒక యుద్ధం తాలూకు గుర్తు తగులుతుంది. మూసీ దాటి ఉత్తరానికి పోతే ఫస్ట్ లాన్సర్, ఏసీ గార్డ్స్: ఇప్పుడు బస్తీల పేర్లు, ఒకప్పుడు నిజాం అశ్వదళాల మకాములు. గోల్కొండ వైపు పోతే ఆర్టిలరీ సెంటర్, కొత్తగా చేరిన కుర్రాళ్ళను ఉస్తాదులు ఫిరంగులకు అలవాటు చేసే చోటు. ఆగ్నేయంగా పోతే బార్కస్, నిజాం కొలువులో సిపాయిలుగా చేరిన యెమెన్ అరబ్బుల వారసులు ఉండేది అక్కడ.

ఇక దక్షిణాన మీరాలం చెరువు. జూపార్క్‌కు పోయే పిల్లలకు అది పడవ ఎక్కే చోటు. ఆ నీళ్ళ వెనక శ్రీరంగపట్నం ఉంది. 1799లో ఇంగ్లీషువాళ్ళతో కలిసి టిప్పు సుల్తాన్ మీదికి వెళ్ళిన నిజాం ఫౌజుకు పెద్ద మీర్ ఆలం. యుద్ధభూమిలో ఆ ఫౌజును నడిపింది మాత్రం ఆర్థర్ వెలస్లీ అనే ఇంగ్లీషు కర్నల్, తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించింది అతనే. మే 4న టిప్పు కూలాడు. లూటీలో తన వాటాకు వచ్చిన సొమ్ముతో మీర్ ఆలం ఈ చెరువు కట్టించాడని చెబుతారు. 1804లో మొదలై 1806కల్లా పూర్తయింది. అర్ధచంద్రాకారపు ఇరవై ఒక్క కమాన్లు నీటి బరువును మోసే కట్ట అది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చేదాకా పాతబస్తీ గొంతు తడిపింది ఈ నీళ్ళే.

ఆ ఫౌజులో పోయిన సిపాయి ఇంటికి కబురు ఎట్లా వచ్చేది? దర్బారుకు హర్కారాలు ఉన్నారు, పరుగున ఉత్తరాలు మోసేవాళ్ళు. పల్లెలో ఉన్న పెళ్ళానికి హర్కారా ఎక్కడి నుంచి వస్తాడు? ఫౌజు తిరిగొచ్చినప్పుడు అదే ఊరి ఇంకొకడు ఇల్లు చేరితే, వాణ్ణి నిలేసి అడగడమే. వీడొచ్చి వాడు రాలేదంటే అదే వార్త. కొందరైతే ఆ బాధే లేకుండా పెళ్ళాం పిల్లల్ని వెంటబెట్టుకునే పోయేవాళ్ళు. అప్పటి ఫౌజు వెనక ఒక బజారు మొత్తం నడిచేది, వంటలు, దుకాణాలు, పిల్లల ఏడుపులతో సహా. యుద్ధం ఇంటికి దూరంగా జరిగే పని కావడం తర్వాత మొదలైన సంగతి.

ఖరారా, తోబ్రా, ఉత్తరం

మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ నుంచి రెండు అశ్వదళాలు సముద్రం దాటాయి. ఒకటి నిజాం సొంతది, హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు. ఈజిప్టులో సూయజ్ కాలువ కాపలాకు వెళ్ళింది. రెండోది బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 20వ డెక్కన్ హార్స్. సికింద్రాబాద్ బ్రిగేడ్‌తో 1914 అక్టోబర్‌లో మార్సే రేవులో దిగింది. అందులో దక్కనీ ముసల్మాన్లు, జాట్లు, సిక్కులు ఉండేవాళ్ళు. ఈ రెండు దళాల ఖర్చుకు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 60 లక్షల రూపాయలు ఇచ్చాడు. టర్కీ సుల్తాన్ జిహాద్ పిలుపునిచ్చినప్పుడు మీరు ఇంగ్లీషువాళ్ళ పక్షానే ఉండండని ముస్లింలకు చెప్పిందీ ఆయనే. 1918లో విమానాలూ ఇచ్చాడు. ఆ దళానికి ‘110 హైదరాబాద్ స్క్వాడ్రన్’ అని పేరు పడింది. ఊరికి తెలిసిన వార్తలు ఇవి. దర్బారులో, పత్రికల్లో, జుమ్మా తర్వాత మసీదు మెట్ల మీద చెప్పుకోదగ్గవి.

సవారు రోజు ఎట్లా గడిచేదో చూస్తే సంగతి వేరు.

అతని రోజు గుర్రంతో మొదలై గుర్రంతోనే ముగుస్తుంది. చీకటితో లేవాలి, ఖరారా పట్టి గుర్రం ఒళ్ళు గీకాలి, మాలీషు చేయాలి, గిట్టలు ఎత్తి చూసి బురద తీయాలి. నీళ్ళకు తోలుకుపోవాలి, మళ్ళీ తోలుకురావాలి. గింజలు నింపిన తోబ్రా సంచి మూతికి కట్టి, తినేదాకా పక్కన నిలబడాలి. జీను తోలుకు నూనె రాయాలి. మధ్యాహ్నం ఇదంతా ఇంకోసారి, సాయంత్రం ఇంకోసారి. మధ్యలో కవాతు, తుపాకీ సఫాయి, రోల్‌కాల్. ఫ్రాన్స్ చలికాలంలో ఇది రోజూ బురదలోనే. వంతు వచ్చినప్పుడు గుర్రాలను వెనక వదిలి కందకాల్లో కాల్బలంలాగా దిగాలి. దక్కన్ ఎండలో పెరిగినవాడికి మోకాలి లోతు చల్లనీళ్ళలో రాత్రంతా నిలబడటంతో పోలిస్తే తుపాకీ గుండు చిన్న విషయమైపోతుంది.

1916 జూలై 14న సోమ్ యుద్ధంలో తీసిన ఒక ఫొటో ఉంది. కార్నాయ్ లోయలో ఎదురుచూస్తున్న డెక్కన్ హార్స్ సవార్లు, వాళ్ళ గుర్రాలు. ఫొటో చాలా పుస్తకాల్లోకి ఎక్కింది, దాడికి ముందు క్షణాలు అన్నట్టుగా. నిజానికి వాళ్ళు పొద్దుట్నుంచీ అదే పనిలో ఉన్నారు: ఎదురుచూడటం. ముందుకు కదలమన్నారు, ఆగమన్నారు, మళ్ళీ కదలమన్నారు. బల్లేలు దించి గోధుమ చేలలోకి దూకేసరికి సాయంత్రం ఏడు. చేలలో దాక్కున్న జర్మన్లు కొందరు బల్లేలకు దొరికారు, కొందరు చేతులెత్తారు. రాత్రికి అక్కడే నిలిచి, తెల్లారేలోగా వెనక్కి వచ్చేశారు. ఏ అడవి కోసం ఆ దాడి జరిగిందో ఆ హై వుడ్ చేతికి రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. అశ్వదళం దూకిందని పత్రికలు పొంగిపోయాయి. నాలుగేళ్ళ కొలువులో పత్రికకు పనికొచ్చే పూటలు ఇట్లాంటివి కొన్నే. మిగతా అంతా ఖరారా, తోబ్రా.

సవార్లు ఇంటికి ఏం రాశారో మనకు కొంత తెలుసు. అందుకు కారణం ప్రేమేమీ కాదు, నిఘా. ఫ్రాన్స్‌లోని హిందుస్తానీ సిపాయిల ఉత్తరాలు చదవడానికి ఇంగ్లీషువాళ్ళు సెన్సార్ కార్యాలయం పెట్టారు. దానికి హోవెల్ అనే అధికారి పెద్ద. చదివి, ముఖ్యమైన ముక్కలు ఇంగ్లీషులోకి దించి, పైవాళ్ళకు నివేదిక పంపేవాళ్ళు. ఆ నివేదికలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. డేవిడ్ ఒమిస్సీ వాటిలోంచి ఏరి 1999లో పుస్తకం వేశాడు.

తన ఉత్తరం ఎవరో చదువుతారని సిపాయికి తెలుసు. అందుకే తెలివి వాడాడు. నల్ల మిరియాలు, ఎర్ర మిరపకాయలు అని రాసేవాడు. నల్లవి మనవాళ్ళు, ఎర్రవి తెల్లవాళ్ళు. నల్ల మిరియాలు అయిపోవస్తున్నాయి అని రాస్తే, మనవాళ్ళు చాలామంది పోయారు, కొత్తవాళ్ళు రావొద్దు అని అర్థం. సెన్సార్‌వాళ్ళకు ఇది ఇట్టే తెలిసిపోయింది. వంటింటి సరుకుల మీద ఫౌజీలకు అంత బెంగ ఎందుకుంటుంది?

అన్నిటికన్నా నన్ను ఆపేసేది ఆ ఉత్తరాల్లో యుద్ధం ఎంత తక్కువో అన్న సంగతి. పొలం తగాదా ఎటు తేలింది, మనియార్డరు అందిందా, గేదె ఈనిందా, చెల్లెలి సంబంధం కుదిరిందా, కోర్టు వాయిదా ఎప్పుడు, నాకెందుకు ఉత్తరం రాయడం లేదు. లక్షల మంది తలపడిన యుద్ధం నడుమ కూర్చుని మనిషి అడిగేవి ఇవి. యుద్ధం ఎవరు గెలుస్తున్నారో అతనికీ తెలీదు, తన ఎదుట ఉన్న కందకం దాకే తెలుసు. ఇంట్లోవాళ్ళకు పత్రికవల్ల అతనికన్నా ఎక్కువే తెలిసి ఉండొచ్చు. అతనికి కావాల్సింది ఇంటి దగ్గర, ఇంటికి కావాల్సింది అతని దగ్గర. మధ్యలో హోవెల్ గారి బల్ల.

1918లో ఈ లెక్క పూర్తిగా తిరగబడింది. హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనాలో ఉన్నారు. సెప్టెంబర్ 23న హైఫా పట్టణంలోకి దూసుకెళ్ళింది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. అదే బ్రిగేడ్‌లో ఉన్నా మనవాళ్ళ పేరు ఆ దాడి కథల్లో పెద్దగా వినపడదు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో మాత్రం మూడు సంస్థానాలకూ మూడు విగ్రహాలు ఉన్నాయి. వాటిలో ఒకటి హైదరాబాద్‌ది. ఆ నెలల్లోనే ఇక్కడ ఇన్‌ఫ్లుయెంజా. దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. యుద్ధంలో బతికి బట్టకట్టిన సవార్లు ఇప్పుడు ఇంటి నుంచి వచ్చే ఉత్తరం విప్పాలంటే భయపడాల్సిన కాలం వచ్చింది.

రేడియో రోజులు

రెండో ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ సంస్థానపు పదాతి దళం ఒకటి మలయాలో కోటా బారు విమానాశ్రయానికి కాపలా. 1941 డిసెంబర్ 8న జపాన్ సేనలు దిగింది అక్కడే, పెర్ల్ హార్బర్ దాడికి కాసేపు ముందు. ఆ గందరగోళంలో ఆ దళం కమాండర్ హెండ్రిక్స్ తన జవాన్ల చేతుల్లోనే చనిపోయాడని యుద్ధ చరిత్రలు చెబుతాయి. ఆ మనుషులను అక్కడిదాకా తెచ్చిన విసుగు, భయం, కోపం ఏమిటో దండనల కాగితాల్లో వెతికితే దొరకదు. ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయాక బందీలైన వేలాదిమంది ఇళ్ళకు నెలల తరబడి కబురే లేదు. ఉన్నాడో లేడో తెలియని మనిషికి పండగ పూట విస్తరి వేయాలా వద్దా అన్న సందేహంతో ఎన్ని ఇళ్ళు గడిపాయో. ఇంకోపక్క మన హైదరాబాదీ ఆబిద్ హసన్ 1943లో సుభాష్ చంద్రబోస్ వెంట జలాంతర్గామిలో ప్రయాణం చేశాడు. అదీ ఇంటికి రాసుకునే సంగతి కాదు.

1948 సెప్టెంబర్‌లో యుద్ధం నడిచి ఊళ్ళోకే వచ్చింది. 13న భారత సేనలు కదిలాయి, 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు, 18న నిజాం సేనాధిపతి ఎల్ ఇద్రూస్ భారత సేనల జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఆ అయిదు రోజులు దక్కన్ రేడియో ఒకటి, ఆకాశవాణి ఒకటి, రెండూ రెండు యుద్ధాలు వినిపించాయి. ఆ తర్వాత నిజాం ఫౌజును రద్దు చేశారు. వరదీ తీసేసిన మనుషులు పాతబస్తీ గల్లీల్లో ఏ పని దొరికితే అది పట్టుకున్నారు. దాని గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి.

కేరాఫ్ 56 ఏపీఓ

ఇప్పటి ఫౌజీ చిరునామా చూడండి. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. తూర్పు సరిహద్దైతే 99. ఊరు లేదు, కొండ లేదు, జిల్లా లేదు. సియాచిన్‌లో ఉన్నా, రాజస్థాన్ ఇసుకలో ఉన్నా అదే. ఇంట్లోవాళ్ళు ఆ రెండంకెలకు ఉత్తరాలు రాసి, మనిషి ఎక్కడున్నాడో ఊహించుకుంటూ దశాబ్దాలు గడిపారు.

ఫోన్లొచ్చాక ఏం మారిందంటే, మాట్లాడటం పెరిగింది. తెలిసేది మాత్రం అంతే. కాల్ వచ్చిన రోజు సంభాషణ దాదాపు ఇట్లా ఉంటుంది:

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననమ్మా. నాయిన బీపీ గోళీ ఏసుకుంటున్నడా?"

"ఏసుకుంటున్నడు గని, నువ్వేడున్నవ్?"

"ఈడనే."

"ఈడనే అంటే?"

"టీవీ బంద్ చేసి పండుకో అమ్మా."

ఆ ‘ఈడనే’లో ఏముంటుంది? తెల్లవారుజామున స్టాండ్-టు. పొద్దు పొడిచేదాకా ఆయుధం పట్టుకుని ఎవరి జాగాలో వాళ్ళు కళ్ళార్పకుండా ఉండటం, ఎందుకంటే దాడులు ఎక్కువగా ఆ మసక వెలుతురులోనే జరుగుతాయి. తర్వాత చాయ్. తర్వాత రైఫిల్ సఫాయి: పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ తగిలించి గొట్టంలోంచి లాగడం, మసి పోయేదాకా మళ్ళీ లాగడం. బంకర్ ఇసుక బస్తాలు సర్దడం. ఎత్తయిన పోస్టుల్లో మంచు కరిగించి నీళ్ళు పట్టడం. కిరోసిన్ బుఖారీ పొగకు ముక్కులోంచి నల్లటి మసి తీసుకోవడం. లంగర్‌లో రొట్టె, పప్పు. మనవాడికి ఇంటి పచ్చడి సీసా ఉంటే అదే పండగ, అదీ పక్కవాళ్ళందరికీ పంచాక మిగిలినంత. రెండు గంటలు సెంట్రీ, కాస్త నిద్ర, మళ్ళీ సెంట్రీ. పొద్దుగూకే వేళ మళ్ళీ స్టాండ్-టు. యుద్ధకాలమైనా ఇంతే, కాకపోతే నిద్ర ఇంకా తక్కువ. షెల్ పడినప్పుడు తప్ప రోజుకూ రోజుకూ తేడా తెలీదు.

మన దేశం చేసిన యుద్ధాల్లో మన ఇళ్ళలోకి టీవీలో వచ్చిన మొదటిది 1999 నాటి కార్గిల్. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న ద్రాస్ కొండల్లో చనిపోయాడు. తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు. కొన్ని రోజుల ముందు నాన్నకు రాసిన ఉత్తరం చాలాచోట్ల అచ్చయింది. అందులో ఆయన అడిగినవాటిలో ఒకటి, కడుపుతో ఉన్న తన భార్యకు రోజుకో మహాభారతం కథ చెప్పమని. ఫ్రాన్స్ కందకాల నుంచి వచ్చిన ఉత్తరాలు గుర్తొస్తాయి: అక్కడ గేదె, ఇక్కడ భారతం. మనిషి ధ్యాస ఉన్న చోటు మాత్రం ఒకటే.

గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణ అప్పుడు, 2020 జూన్ 16 మధ్యాహ్నం సైన్యం ప్రకటనలో చనిపోయినవాళ్ళు ముగ్గురు. రాత్రికి ఇరవై. ఆ ముగ్గురిలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు ఒకరు. మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య లద్దాఖ్‌లో మనవాడున్న ప్రతి ఇల్లూ ఆ ముగ్గురిలో తమవాడు లేడని ఊపిరి పీల్చుకుంది. రాత్రికి మళ్ళీ మొదలు.

పుకారు సంగతి ఈ పేటకు తెలుసు

కిషన్‌బాగ్‌కు టీవీ వార్త మీద, ఫోన్‌లో వచ్చే మెసేజ్ మీద అనుమానం ఉంటే దానికి సొంత కారణముంది. 2014 మే 14న ఇక్కడ ఒక జెండా చుట్టూ లేచిన గొడవ కాల్పులదాకా పోయింది. ముగ్గురు చనిపోయారు, కర్ఫ్యూ పడింది. ఎవరో ఏదో అన్నారట, ఎవరో ఏదో కాల్చారట అన్న ‘అట’లు ఇంటి నుంచి ఇంటికి ఎంత వేగంగా పోతాయో ఈ పేట చూసింది. 2025 మేలో కరాచీ కూలిందన్న మెసేజ్ వచ్చినప్పుడు అందరూ ఒకే రకంగా నమ్మి ఉంటారని నేననుకోను.

9వ తేదీన రక్షణ శాఖ ఛానళ్ళకు సూచన పంపింది, సైనిక కదలికలను లైవ్‌లో చూపొద్దని. మంచిదే. 10వ తేదీ సాయంత్రం కాల్పుల విరమణ. అదే సాయంత్రం గచ్చిబౌలి స్టేడియంలో మిస్ వరల్డ్ పోటీల ఆరంభం. ఈ నగరానికి రెండూ ఒకేసారి చూసే ఓపిక ఉంది, దాన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. కొడుకు పోస్టులో ఉన్న ఇంట్లో మాత్రం ఆ సాయంత్రం ఫోన్ మోగిందా లేదా అన్నదే లెక్క.

ఇంతకన్నా పెద్ద అన్యాయం ఇంకోటి ఉంది. అది అసలు ఏపీఓ కూడా లేని ఫౌజీలది. కొలువు ఆశ చూపిన ఏజెంట్ల మాట నమ్మి హైదరాబాద్ నుంచి, తెలంగాణ జిల్లాల నుంచి కొందరు కుర్రాళ్ళు రష్యా వెళ్ళారు. సెక్యూరిటీ పని, హెల్పర్ పని అన్నారు. పోయాక అర్థంకాని భాషలో కాగితాలు, వరదీ, యుక్రెయిన్ సరిహద్దు. వాళ్ళ కబురు ఇంటికి వచ్చింది సైన్యం నుంచి కాదు, వాట్సాప్ వీడియోల్లో, అవీ ఆగిపోయేదాకా. ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఈ సంగతి కేంద్రం దృష్టికి తెచ్చారు. హైదరాబాద్ యువకుడు ఒకడు చనిపోయాడని 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. అదే నెలలో సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టి సోదాలు చేసింది. జూలైలో ప్రధాని మాస్కోలో ఈ విషయం ఎత్తారు. నారాయణపేట జిల్లా కుర్రాడొకడు సెప్టెంబర్‌లో ఇల్లు చేరాడు.

సొంత దేశపు ఫౌజీకి నంబరుంటుంది, యూనిట్ ఉంటుంది, ఏదైనా అయితే ఇంటికి కబురు చేసే బాధ్యత ఒకరి మీద ఉంటుంది. వీళ్ళకు ఏజెంట్ ఫోన్ నంబరే దిక్కు, అది ఎత్తినన్నాళ్ళు. రష్యా సైన్యంలో చేరే ఆఫర్లకు దూరంగా ఉండండని 2025 సెప్టెంబర్‌లో విదేశాంగ శాఖ మళ్ళీ ఒకసారి చెప్పాల్సి వచ్చింది. అంటే అప్పటికీ కొత్తవాళ్ళు చేరుతూనే ఉన్నారు.